30 వేల డాలర్లకి జీఆర్86: ఏం వస్తుంది, ఏం రాదు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: డాలస్‌లో ఉద్యోగం, పెళ్లి ఇంకా కాలేదు, మొదటిసారి కొత్త కారు కొంటున్నావు. 30 వేల డాలర్లు దాటి పెద్దగా పోలేవు. టొయోటా వాళ్ల రెండు తలుపుల స్పోర్ట్స్ కారు జీఆర్86 మీద మనసు పడ్డావు. నాన్నగారేమో టొయోటా వాళ్లదే ఫ్యామిలీ సెడాన్ కామ్రీ తీసుకోమంటున్నారు. ఇంజిన్ పోతుందని ఎవరో భయపెట్టారు. పైగా మాన్యువలా ఆటోమేటిక్కా అన్న టెన్షన్ ఒకటి.

ఈ కారు మొదటి తరంలో సైయన్ ఎఫ్‌ఆర్‌-ఎస్ పేరుతో వచ్చినప్పుడు కొని చాలాకాలం నడిపాను. తర్వాత ఈ కొత్తదానికి మారాను. ఆఫీసుకీ ఇదే, అప్పుడప్పుడు రేస్ ట్రాక్‌కీ ఇదే. అందుకే నా మాట ముందే చెప్పేస్తా. ఇది మలుపుల కోసం కట్టిన కారు. మలుపులున్న చోటు వెతుక్కుంటూ వెళ్లే ఓపిక నీకుంటే ఈ డబ్బుకి ఇంతకంటే మంచిది నాకు కనపడలేదు. ఆ ఓపిక లేదంటే నాన్నగారి మాటలో న్యాయం ఉంది.

ముందు అందరూ చేసే ఫిర్యాదు సంగతి చూద్దాం: "స్పోర్ట్స్ కారు అంటారు, స్పీడేది?" 2.4 లీటర్ల ఇంజిన్, 228 హెచ్‌పీ (హార్స్‌పవర్), టర్బో లేదు. కంపెనీ లెక్క ప్రకారం సున్నా నుంచి 60 మైళ్ల వేగానికి మాన్యువల్‌లో 6.1 సెకన్లు, ఆటోమేటిక్‌లో 6.6. పాత 301 హెచ్‌పీ వీ6 కామ్రీ ఒకటి సిగ్నల్ దగ్గర నీ పక్కన ఆగిందంటే, అది నీకు సమానంగా ఉంటుంది, లేదా ముందే వెళ్లిపోతుంది. అది నిజం, దాచిపెట్టడానికేం లేదు. దాన్ని అవమానంగా తీసుకునే స్వభావమైతే ఈ కారు కొనకు. ఫోర్డ్ మస్టాంగ్ ఎకోబూస్ట్ చూడు, కొంచెం ఎక్కువ డబ్బుకి 315 హెచ్‌పీ వస్తుంది. కాకపోతే 2024 నుంచి అది ఆటోమేటిక్‌లోనే దొరుకుతోంది, బరువు కూడా 3,500 పౌండ్ల పైమాటే.

ఈ జీఆర్86 బరువు దాదాపు 2,800 పౌండ్లు, అంటే 1,275 కిలోలు. ఇప్పటి కామ్రీ కంటే 600 పౌండ్లకు పైగా తక్కువ. ఎయిర్‌బ్యాగులు, కెమెరాలు, క్రాష్ టెస్టుల రూల్స్ అన్నీ దాటుకుని ఈ రోజుల్లో ఇంత తేలికైన కారు తయారు చేయడం చిన్న విషయం కాదు. బానెట్, ముందు ఫెండర్లతో పాటు ఈ తరంలో రూఫ్ కూడా అల్యూమినియంతో చేశారు. పైగా ఇంజిన్ సుబారు వాళ్ల బాక్సర్ రకం. సిలిండర్లు నిలబడి ఉండవు, రెండు పక్కలా పడుకుని ఉంటాయి. దానివల్ల బరువంతా కిందికి దిగుతుంది. కారు టొయోటా పేరుతో అమ్ముతున్నా కట్టేది జపాన్‌లోని గున్మాలో, సుబారు ఫ్యాక్టరీలోనే. సుబారు బీఆర్‌జడ్ కూడా ఇదే కారు, సస్పెన్షన్ సెట్టింగులు వేరు. టొయోటాది మలుపులో తోక కాస్త చురుగ్గా ఊపుతుంది, సుబారుది కొంచెం నెమ్మదస్తురాలు. మామూలు రోడ్డు మీద ఆ తేడా నీకు తెలియదు. ఏది తక్కువకి దొరికితే అది తీసుకో.

ఈ తేలికదనం నిజంగా ఎక్కడ తెలుస్తుందంటే, శాన్ ఆంటోనియోకి పడమటగా లేకీ అనే ఊరు చుట్టూ 335, 336, 337 నంబర్ల రాంచ్ రోడ్లున్నాయి. ట్విస్టెడ్ సిస్టర్స్ అంటారు. కొండలు, లోయలు, ఒక మలుపు అవ్వకుండానే ఇంకోటి. అక్కడ బ్రేక్ వేసి, రెండో గేర్‌లోకి దించి, స్టీరింగ్ తిప్పావంటే ముందు చక్రాలు ఆలోచించకుండా తిరుగుతాయి. వెనకాల చక్రాలు ఏం చేస్తున్నాయో సీటులోంచి, నడుము దగ్గర తెలుస్తుంది. మలుపు సగంలో యాక్సిలరేటర్ కాస్త వదిలితే ముక్కు లోపలికి ఒదుగుతుంది, మళ్లీ నొక్కితే తోక సర్దుకుంటుంది. వెనక రెండు చక్రాలకీ శక్తిని సర్దే టోర్సెన్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అన్ని మోడళ్లలోనూ ఉచితంగానే వస్తుంది కాబట్టి లోపలి చక్రం ఊరికే గిర్రున తిరగదు. ఇదంతా 40, 50 మైళ్ల వేగంలోనే జరుగుతుంది. 500 హెచ్‌పీ కారులో ఈ అనుభూతి రావాలంటే జైలుకెళ్లే వేగంలో వెళ్లాలి.

గేర్ల లెక్క కూడా ఇలాగే ఉంటుంది. రెండో గేర్‌ని రెడ్‌లైన్ దాకా, అంటే ఇంజిన్ తిరగగల హద్దు 7,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా లాగితే 60 మైళ్లు కొద్దిగా దాటుతుంది. మూడో గేర్ పూర్తిగా లాగితే 85 పైనే, అక్కడ నీకు టికెట్ గ్యారంటీ. ఇంజిన్‌ని పూర్తిగా వాడుకునే అవకాశం మామూలు రోడ్డు మీద రెండో గేర్ వరకూ ఉంది. అది చాలా పెద్ద విషయం అంటాను నేను.

మొదటి తరం కారుకి ఒక జబ్బుండేది. 200 హెచ్‌పీ ఇంజిన్, టార్క్ (తిప్పే బలం) 151 పౌండ్-ఫీట్, అది కూడా 6,400 ఆర్‌పీఎం దగ్గర. మధ్యలో, సరిగ్గా డాలస్ 75వ నంబరు హైవే మీదకి మెర్జ్ అయ్యే చోట వాడే రేంజ్‌లో, ఇంజిన్ ఊపిరి బిగబట్టినట్టు డీలా పడేది. కొత్తదాంట్లో 184 పౌండ్-ఫీట్ 3,700 దగ్గరే అందుతుంది. ఈ ఒక్క మార్పుతో కారు స్వభావమే మారింది. పాతదాన్ని నడిపి పెదవి విరిచినవాళ్లు కొత్తదాన్ని తప్పకుండా ఒకసారి నడిపి చూడాలి.

ఇక భయపెట్టిన విషయం. ఇంజిన్ పోతుందా?

ఇందులో రెండు వేర్వేరు సమస్యలున్నాయి, జనం రెంటినీ కలిపేసి మాట్లాడతారు. మొదటిది సీలెంట్. ఇంజిన్ కింద ఆయిల్ ప్యాన్, ముందు టైమింగ్ కవర్ బిగించేటప్పుడు గాస్కెట్‌కి బదులు ట్యూబులోంచి వచ్చే జిగురులాంటి సీలెంట్ పూస్తారు. ఎక్కువ పూస్తే, బోల్టులు బిగించాక మిగిలింది లోపలివైపు పొంగి, తర్వాత చిన్న చిన్న ముక్కలుగా ఊడిపోయే అవకాశం ఉంది. ఆయిల్ పంపు నూనె పీల్చుకునే గొట్టం చివర టీ వడగట్టే జాలీలాంటిది ఒకటి ఉంటుంది. ఆ ముక్కలు అక్కడ చేరతాయి. ప్యాన్ విప్పి చూసినవాళ్లు పెట్టిన ఫొటోలు నువ్వు చూసే ఉంటావు. కొందరికి ఒకటి రెండు ముక్కలు, కొందరికి జాలీలో చెప్పుకోదగ్గ భాగం మూసుకుపోయేంత.

రెండోది ఆయిల్ ప్రెజర్. బాక్సర్ ఇంజిన్‌లో సిలిండర్ హెడ్లు చెరో పక్కన అడుగునే ఉంటాయి. పొడవాటి కుడి మలుపులో గట్టి పట్టున్న టైర్లతో వేగంగా తిరుగుతున్నప్పుడు నూనె ఎడమవైపుకి తోసుకుపోయి, తిరిగి ప్యాన్‌లోకి రావడానికి టైం తీసుకుంటుంది. ఆ క్షణంలో పంపు గాలి పీలుస్తుంది, ప్రెజర్ పడిపోతుంది. బేరింగులకి నూనె అందకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. జాలీ ముందే సగం మూసుకుపోయి ఉంటే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

ఇప్పుడు నీ సంగతి. ఆఫీసు, బజారు, వారాంతంలో ఆస్టిన్ ప్రయాణం, ఏడాదికోసారి కొండ రోడ్లు, ఇంతవరకే అయితే నిద్ర పాడుచేసుకోవద్దు. ఆ స్థాయి మలుపు పబ్లిక్ రోడ్డు మీద అన్నిసార్లు, అంతసేపు రాదు. ఆటోక్రాస్ (ఖాళీ స్థలంలో కోన్ల మధ్య నడిపే పోటీ) అయినా ఫర్వాలేదు, అక్కడ మలుపులు చిన్నవి. సమస్య ఎవరికంటే క్రెసన్‌లోని మోటర్‌స్పోర్ట్ రాంచ్ ట్రాక్‌కో, ఆస్టిన్ సర్క్యూట్‌కో వెళ్లి, మెత్తటి స్లిక్ లాంటి టైర్లు వేసి, ఇరవై నిమిషాల సెషన్లు వరసగా కొట్టేవాళ్లకి. వాళ్లలో చాలామంది ప్యాన్ విప్పి జాలీ శుభ్రం చేయిస్తారు, ఆయిల్ కాస్త ఎక్కువ పోస్తారు, ప్రెజర్ గేజ్ పెట్టుకుంటారు. టెక్సస్ ఎండల్లో ఆయిల్ టెంపరేచర్ కూడా గబగబా పెరుగుతుంది. డాష్‌బోర్డులో ఆ రీడింగ్ కనిపిస్తుంది, దాన్ని చూస్తూ మధ్యలో ఒక రౌండు నెమ్మదిగా వేయడం అలవాటు చేసుకోవాలి. ట్రాక్‌కి ముందు బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చడం తప్పనిసరి. కంపెనీ ప్యాడ్లు నాలుగైదు రౌండ్లకే నీరసపడిపోతాయి.

ఇక్కడ ఒక వింత ఉంది. అమెరికాలో ఈ కారు కొంటే టొయోటా వాళ్లే నాసా మెంబర్‌షిప్ ఏడాదికి ఉచితంగా ఇస్తూ వచ్చారు. రాకెట్ల నాసా కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. దాంతో పాటు ఒక ట్రాక్ డే కూడా ఉచితం. అంటే ట్రాక్‌కి వెళ్లమని వాళ్లే పంపుతున్నారు. వారంటీ పుస్తకంలో మాత్రం రేసింగ్ వల్ల, దుర్వినియోగం వల్ల వచ్చిన నష్టానికి కవర్ లేదని ఉంటుంది. ట్రాక్ డే అంటే రేసా కాదా అన్న వాదన ఇంజిన్ పోయాక సర్వీస్ కౌంటర్ దగ్గర నిలబడి చేయాల్సి వస్తుంది, అది ఎవరికీ సరదాగా ఉండదు. మామూలుగా వారంటీ మూడేళ్లు లేదా 36 వేల మైళ్లు, ఇంజిన్, గేర్‌బాక్స్‌లకి ఐదేళ్లు లేదా 60 వేల మైళ్లు. ప్రతి ఆయిల్ మార్పు రసీదూ దాచుకో. ట్రాక్ మీద తోక ఊపుతూ తీసిన వీడియోలు లైసెన్స్ ప్లేటుతో సహా ఇన్‌స్టాలో పెట్టకు. అర్థమైందిగా.

రోజువారీ సంగతికొస్తే లోపాలు చాలానే ఉన్నాయి, ఇవే నిన్ను ఎక్కువ విసిగిస్తాయి. వెనక సీట్లు ఉన్నాయని ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పుకోవడానికే. పెద్దవాళ్లు కూర్చోలేరు. డిక్కీ 6.3 క్యూబిక్ ఫీట్లు, కామ్రీలో 15 ఉంటుంది. అమ్మానాన్నలు డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో దిగారనుకో. తలా రెండు 23 కిలోల పెట్టెలు, చేతిలో ఆవకాయ డబ్బా ఉన్న హ్యాండ్‌బ్యాగు. నువ్వు కీ తిప్పుకుంటూ జీఆర్86 తీసుకెళ్తే అక్కడే ఇంకో ఊబర్ బుక్ చేయాలి. అదీగాక సీటు నేలకి దగ్గరగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఒకసారి కూర్చుంటే లేవడానికి చెయ్యివ్వాలి. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం వెనక సీటు మొత్తం మడిచేస్తే సోనా మసూరి బస్తాలేమిటి, నాలుగు టైర్లు కూడా పడతాయి. ట్రాక్‌కి వెళ్లేవాళ్ల కోసం కావాలనే అలా కొలిచి పెట్టారు.

హైవే మీద శబ్దం ఎక్కువ. ఆరో గేర్‌లో 70 మైళ్ల వేగంలో ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతూనే ఉంటుంది. దానికి తోడు టెక్సస్ కాంక్రీటు రోడ్ల టైర్ల మోత. హ్యూస్టన్ దాకా ఫోన్‌లో మాట్లాడుతూ వెళ్దామనుకుంటే అవతలివాళ్లు రెండుసార్లు అడుగుతారు. స్పీకర్లలోంచి ఇంజిన్ శబ్దం అదనంగా వేస్తారు, నాకది నచ్చదు. లోపల ప్లాస్టిక్ గట్టిది, స్క్రీన్ మామూలుది. కప్ హోల్డర్లు సీట్ల మధ్య పెట్టె మూతల కింద ఉంటాయి. అక్కడ కాఫీ పెడితే గేరు మార్చిన ప్రతిసారీ మోచేతికి తగులుతుంది. మాన్యువల్‌కి ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) ఇచ్చిన సగటు గ్యాలన్‌కి 22 మైళ్లు, పెట్రోలు ప్రీమియమే పోయాలి. 13.2 గ్యాలన్ల ట్యాంకు, అంటే 290 మైళ్ల లోపే బంకు వెతుక్కోవాలి. కామ్రీ ఇప్పుడు హైబ్రిడ్‌లోనే వస్తుంది, మామూలు పెట్రోలుతో ఇందులో రెట్టింపుకి పైగా ఇస్తుంది. నాన్నగారికి ఈ లెక్క చూపించకు.

డాలస్‌కి సంబంధించి ఇంకో మాట. వసంతకాలం వడగళ్లు తెలుసుగా. ఈ పల్చటి అల్యూమినియం బానెట్, రూఫ్ మీద పడ్డాయంటే ఏమవుతుందో ఊహించుకో. అపార్ట్‌మెంట్‌లో కవర్డ్ పార్కింగ్ ఉంటేనే తీసుకో, ఇన్సూరెన్స్‌లో కాంప్రహెన్సివ్ (వడగళ్లలాంటి నష్టాలకీ వర్తించేది) తప్పనిసరిగా పెట్టు.

మాన్యువలా ఆటోమేటిక్కా అంటే, నేను మాన్యువల్ అంటాను. ఆటోమేటిక్ చెడ్డదేం కాదు, మైలేజీ కూడా సగటున 24-25 ఇస్తుంది. కానీ ఈ కారులో ఉన్న సంతోషంలో సగం ఆ చిన్న గేర్ రాడ్‌లోనే ఉంది. నువ్వు ఇండియాలో మారుతీ మీద నేర్చుకున్నానన్నావు కాబట్టి క్లచ్ కొత్త కాదు. ఎడమ చేత్తో మార్చిన గేరు ఇక్కడ కుడి చేత్తో మార్చాలి, అంతే. మొదటి కొన్నాళ్లు చెయ్యి డోర్‌కి తగులుతుంది, తర్వాత అదే సర్దుకుంటుంది. రివర్స్‌కి రాడ్ కింద ఉన్న రింగు పైకి లాగాలి. చలికాలం పొద్దున్నే రెండో గేరు కాస్త మొరాయిస్తుంది. గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కే దాకా నెమ్మదిగా మార్చు, అది రిపేరు కాదు. బుష్ టర్న్‌పైక్ మీద రోజూ గంటలకొద్దీ ఆగి ఆగి వెళ్లాల్సిన ఆఫీసైతే మాత్రం ఆలోచించుకో, ఎడమ కాలు పీకుతుంది. 2024 నుంచి మాన్యువల్‌లో కూడా ముందు వాహనం చూసి బ్రేక్ వేసే ఐసైట్ వస్తుంది. అంతకు ముందు ఏడాదుల మాన్యువల్ కార్లలో అది లేదు.

ట్రిమ్ (ఏ వెర్షన్ కొనాలి) విషయంలో నా సలహా బేస్ మోడల్. ప్రీమియంలో 18 అంగుళాల చక్రాలు, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్లు, సీటు హీటర్లు, వెనక స్పాయిలర్ వస్తాయి. బేస్‌లో 17 అంగుళాల చక్రాలకి మిషెలిన్ ప్రైమసీ వేస్తారు, పట్టు తక్కువ. ఆ పట్టు తక్కువ టైర్లతోనే నేర్చుకోవడం మేలు. తక్కువ వేగంలోనే కారు జారడం మొదలుపెడుతుంది, ఎలా సర్దాలో నీకు చెబుతుంది. అవి అరిగాక మంచివి కొనుక్కో, 17 అంగుళాల టైర్లు చవక కూడా. వానలో మాత్రం ట్రాక్షన్ కంట్రోల్ బటన్ జోలికి వెళ్లకు. నెలల తరబడి వాన లేక, ఒక్కసారిగా పడ్డ మొదటి జల్లులో మన రోడ్లు ఎంత జారతాయో నీకు తెలుసు.

2022 మోడల్‌గా వచ్చినప్పుడు దీని ధర 27,700 డాలర్ల దగ్గర మొదలైంది. ఇప్పుడు 30 వేలు దాటింది, డెస్టినేషన్ చార్జీ (డీలర్ దాకా కారు చేర్చే ఖర్చు), టాక్స్ వేరు. కాబట్టి నీ బడ్జెట్‌కి కొత్తది కొంచెం బిగువే. ఒకటి రెండేళ్లు వాడింది చూడొచ్చు, కానీ జాగ్రత్తగా. ట్రాక్‌లో బాగా నలిగినవి చాలా తిరుగుతున్నాయి. టైర్ల అంచులు కరిగినట్టున్నాయా, కొత్త ప్యాడ్లు ఎందుకు వేశారు, ఆయిల్ మార్పు రసీదులున్నాయా అడుగు. ఇంకా తక్కువలో వస్తుందని 2013 నాటి మొదటి తరం కారు కొందామనుకుంటే ఒకటి గుర్తుంచుకో. వాటికి 2018లో వాల్వ్ స్ప్రింగుల రీకాల్ వచ్చింది. ఆ పనికి ఇంజిన్ దించి విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు సీలెంట్ ఎక్కువైన కొన్ని ఇంజిన్లు తర్వాత పోయాయి. రీకాల్ పని ఎప్పుడైంది, ఆ తర్వాత ఎన్ని మైళ్లు తిరిగింది అన్నది చూడకుండా డబ్బు ఇవ్వకు.

పక్కన పెట్టి చూడాల్సినవి మూడు. మాజ్డా ఎంఎక్స్-5 మియాటా ఇంకా తేలిక, దాదాపు 2,400 పౌండ్లు, 181 హెచ్‌పీ, టాప్ తీసేయొచ్చు. నెమ్మదిగా వెళ్తున్నా నవ్వు తెప్పించే కారు అదొక్కటే. కాని సీట్లు రెండే, నీ పొడవు ఆరడుగులు దాటితే తల తగులుతుంది. హోండా సివిక్ ఎస్‌ఐ 200 హెచ్‌పీ, మాన్యువల్ మాత్రమే, నాలుగు తలుపులు, నిజమైన డిక్కీ. నాన్నగారికీ నీకూ మధ్య రాజీ కుదరాలంటే అదే. హ్యుందాయ్ ఎలాంట్రా ఎన్ 276 హెచ్‌పీతో ఈ మూడింట్లోకీ గట్టిది, కుటుంబం పట్టేది, పైగా వారంటీ పొడవు. బడ్జెట్ మాత్రం ఇంకొన్ని వేలు పెంచాలి. ఈ చివరి రెండూ ముందు చక్రాలతో లాగే కార్లు. బాగా లాగుతాయి, కాదనను. వెనక చక్రాలు తోసే కారులో ఉండే ఆ సమతూకం మాత్రం వాటిలో రాదు. వచ్చే ఏడాదిలోగా సంబంధాలు కుదిరి ఇద్దరయ్యే సూచనలుంటే, అమ్మానాన్నలు ఆరునెలలు ఉండడానికి వస్తుంటే, ఎలాంట్రానో సివిక్కో చూడమంటాను. ఇంట్లో ఇంకో కారుంటేనో, రూమ్మేట్ కారు అవసరానికి అందితేనో జీఆర్86 తీసుకో.

హైదరాబాద్ నుంచి కూడా అడిగేవాళ్లుంటారు కాబట్టి ఒక్కమాట. ఇండియాలో టొయోటా దీన్ని అమ్మడం లేదు. అక్కడ ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 2025లో వచ్చినప్పుడు దాని ధరే ఎక్స్-షోరూమ్ 53 లక్షలు. దిగుమతి సుంకాలతో ఇది వచ్చినా చవక స్పోర్ట్స్ కారు అనిపించుకోదు. యూరప్‌లో భద్రతా నిబంధనల కారణంగా రెండేళ్లే అమ్మి ఆపేశారు. బ్రిటన్‌కి కేటాయించిన మొదటి విడత కార్లు గంటన్నరలో బుక్ అయిపోయాయి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. డీలర్ దగ్గరికి వెళ్లకముందే ఇన్సూరెన్స్ కోట్ తీసుకో. నీ వయసుకి, రెండు తలుపుల స్పోర్ట్స్ కారుకి, కామ్రీకి వచ్చినంతలో రాదు. అది చూశాకే నెల వాయిదా లెక్క వేసుకో. డీలర్‌ని నెలకి ఎంత అని అడగొద్దు, అన్నీ కలిపి ఔట్-ది-డోర్ ఎంత అని కాగితం మీద రాయించుకో. మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ (అసలు ధర మీద డీలర్ వేసే అదనం) అని రెండో స్టిక్కర్ కనపడితే నమస్కారం పెట్టి పక్క ఊరి డీలర్‌కి ఫోన్ చెయ్యి. ఒక్లహామా దాకా వెళ్లైనా అసలు ధరకి కొన్నవాళ్లున్నారు. టెస్ట్ డ్రైవ్‌లో హైవే మీద పది నిమిషాలు రేడియో ఆపేసి నడుపు, ఆ శబ్దం రోజూ భరించగలవో లేదో అప్పుడే తెలుస్తుంది. వీలైతే ఒక స్నేహితుణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లు. ఇన్సూరెన్స్ కోటూ, డీలర్ కాగితమూ చేతికొచ్చాక ఇక్కడే పెట్టు, చూసి చెప్తా.